పెద్దమ్మ తెచ్చిన చల్లటి నీళ్ళు

ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి గేటు గొళ్ళెం తీస్తున్నానో లేదో, ఎదురింటి పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వెనకే వచ్చేసింది. ఏదో శుభవార్త కడుపులో దాచుకోలేక వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నా చేతిలో సంచి తీసుకుంది, నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఎవలో వచ్చిండు బిడ్డా, పగటీలి. మంచిగ ఇన్‌షర్ట్ చేసుకున్నడు, భుజానికి బ్యాగున్నది. మీ ఇంటి గురించి అడిగిండు. మేడం పానం ఎట్లుంటది, దవాఖానకు గిట్ల తిరుగుతదా, ఎన్నేండ్ల సంది తెలుసు మీకు, అని ఒక్కటే తీరు అడుగుడు. నాకు సమజైంది. నువ్వు ఎవలవని నేను సుత అడుగలే.”

“ఏం చెప్పినవ్ పెద్దమ్మా?”

“ఏం చెప్త? ఆ ఇంట్ల రోగమనే మాటే లేదు సారూ అన్న. మా మేడం పాఠం చెప్తె గల్లీ ఆ కొసకు ఇనవడ్తదన్న. ఇన్నేండ్లల్ల తలనొప్పని పండుకున్నది నేను చూడలేదన్న. ఉత్తగ నా ఒక్కదాని మాటెందుకని కిరాణం ఆయనను పిలిచి ఆయనతోని సుత చెప్పించిన. అన్నీ ఫోన్ల పట్టుకున్నడు. ఇగ శక్కర్ తెప్పియ్యి, పిల్ల సంబంధం కుదిరినట్టే.”

వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీలో ఇది మామూలు సంగతే. పిల్లకు సంబంధం చూస్తున్నారని తెలిస్తే అబ్బాయి తరఫువాళ్ళు ఎవరినో ఒకరిని పంపి ఆరా తీస్తారు. వచ్చినవాడు తానెవరో చెప్పడు. ఊరికే, ఇల్లు అద్దెకు ఉందా అన్నట్టు మొదలుపెట్టి, ఆ ఇంట్లో కోపాలెలా ఉంటాయి, రోగాలెలా ఉంటాయి అని లాగుతాడు. చెప్పేవాళ్ళకు తెలుసు, అడిగేవాడికీ తెలుసు. అలాంటప్పుడు పొరుగింటి గురించి మంచి మాట చెప్పడం ఇక్కడ మర్యాద. హిందువుల ఇల్లయినా, మాలాంటి ముస్లింల ఇల్లయినా ఆ మర్యాదలో తేడా ఉండదు. మా అమ్మాయి ఫార్మసీ చదువు ముగించి హనుమకొండలో ఒక మందుల దుకాణంలో చేరింది. మేము సంబంధాలు చూస్తున్న మాట గల్లీ అంతా తెలుసు.

నాకు సంతోషం వేసింది. సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే నా ఆరోగ్యం గురించి పెద్దమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. అది ఆమెకు తెలియదని అప్పుడు నేననుకున్నాను. ఆ రాత్రి మా ఆయనతో, “జనగామ సంబంధంవాళ్ళే అయ్యుంటరు” అన్నాను. ఆయన రెండు రోజులు ఫోను మోగినప్పుడల్లా గొంతు సవరించుకొని ఎత్తాడు.

నా నొప్పి గురించి ఇప్పుడైనా చెప్పాలి. నా కుడి చెంపలో ఒక నరం ఉంది. అందరికీ ఉంటుందట, నాది చెడిపోయింది. అది లేచినప్పుడు చెవి ముందు నుంచి పెదవి చివరి దాకా కరెంటు తీగ తగిలినట్టు కొడుతుంది. కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో నా నోరు ఒక పక్కకు పోతుంది, కన్ను మూసుకుపోతుంది, చొంగ కారుతుంది. మొదట్లో పంటినొప్పి అనుకొని రెండు దవడ పళ్ళు పీకించుకున్నాను. పోయినవి పళ్ళే, నొప్పి కాదు.

అది లేవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బ్రష్షు తగిలినా, చలికాలం గాలి తగిలినా, రొట్టె నమిలినా చాలు. అన్నిటికన్నా చల్లటి నీళ్ళంటే దానికి మహా ఇష్టం. నమాజుకు ముందు ఉజూ చేసుకోవాలి కదా, ముఖం మూడుసార్లు కడగాలి. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నల్లా నీళ్ళు డిసెంబరులో మంచుగడ్డల్లా ఉంటాయి. దోసిట్లో నీళ్ళు పట్టుకొని, కళ్ళు మూసుకొని, అల్లా పేరు తలచుకొని కూడా నేను ముఖం దగ్గరికి తెచ్చుకోలేక నిలబడిపోయేదాన్ని. దేవుడి ముందుకు పోవడానికి భయపడుతున్నానా, నీళ్ళకు భయపడుతున్నానా అని నాకే అర్థమయ్యేది కాదు. తర్వాత చెంబులో వేడినీళ్ళు కలుపుకొని, ఎవరూ చూడకుండా కొంగు చాటున నల్లా దగ్గరికి తీసుకుపోయేదాన్ని.

ఎందుకు దాచాను అంటే, ఒక్క మాట వల్ల. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. స్కార్ఫు కట్టుకొని ఉత్పలమాల గణాలు చెప్తుంటే కొత్త పిల్లల తల్లులు ఇప్పటికీ ఒకసారి కిటికీ దగ్గర ఆగి చూసిపోతారు. అలా ఆగిన ఒక తల్లి, వరండాలో గోడ పట్టుకొని మూతి వంకర పోయి ఉన్న నన్ను చూసింది. చూసి, టీచరుకు ఫిట్స్ ఉన్నాయంది. మా హెడ్ మేడం మంచి మనిషి, గదిలోకి పిలిచి మెల్లగా అడిగింది. పంటినొప్పి అని చెప్పాను. ఫిట్స్ అన్న మాట స్కూలు దాటి గల్లీకి వస్తే మా అమ్మాయి గతి ఏమిటి? తల్లికి ఉంటే పిల్లకు వస్తుందని లెక్కలేసేవాళ్ళు ఇంటికొకరున్నారు. ఆ రోజు నుంచి నొప్పి లేచే సూచన తెలియగానే స్కార్ఫు కొస ముఖం మీదికి లాక్కొని నల్లబల్ల వైపు తిరగడం నేర్చుకున్నాను. ఇంట్లో ఉంటే గోడ వైపు తిరిగేదాన్ని. నా మూతి వంకర నా భర్త కూడా పూర్తిగా చూడలేదు.

మాత్రలతో కొన్నాళ్ళు గడిచింది. తర్వాత అవి రక్తంలో ఉప్పు శాతాన్ని తగ్గించేశాయి. స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డాను. మాత్రలు ఇంక పెంచలేమని, చెంప లోంచి సూది పంపి ఆ నరాన్ని వేడితో మొద్దుబార్చాలని డాక్టరు చెప్పాడు. మా ఇద్దరి జీతాలతో అయ్యే పని కాదు. కానీ ఏటేటా కడుతున్న ఆరోగ్య బీమా ఉంది, దానికి రాసుకున్నాం. స్కానింగులో ఏమీ కనపడలేదు. ఈ నొప్పిలో చాలామందికి స్కానింగు బాగానే ఉంటుందని డాక్టరు చెప్పాడు గానీ కంపెనీకి అలా చెప్తే సరిపోతుందా? కాగితాలు చూస్తున్నాం, విచారణ చేస్తాం అన్నారు. విచారణ అంటే హైదరాబాదులో ఫైళ్ళు తిరగేస్తారనుకున్నాను.

పెద్దమ్మ శుభవార్త చెప్పిన వారానికి ఫోనులో సందేశం వచ్చింది. నా చికిత్సకు అనుమతి ఇవ్వడం కుదరదట. మా అమ్మాయి ఫోను చేసి ఎందుకని గట్టిగా అడిగింది. అవతలివాళ్ళు చదివి వినిపించింది ఆమె స్పీకరులో పెట్టింది. స్థానిక విచారణలో ఇరుగుపొరుగువారు పాలసీదారుకు ఎలాంటి దీర్ఘకాలిక వ్యాధీ లేదని, తలనొప్పి కూడా ఎరుగదని, రోజూ గట్టిగా పాఠాలు చెప్తుందని తెలిపారు, కాబట్టి చికిత్స అవసరం రుజువు కాలేదు.

గల్లీ ఆ కొసకు వినపడే గొంతు. నాకు అప్పుడు తెలిసింది ఇన్‌షర్టు మనిషి ఎవరో.

మా ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. మా అమ్మాయికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నాకు రెండూ రాలేదు, కోపం వచ్చింది. నా కోపం సంగతి మా స్కూల్లో తొమ్మిదో తరగతిని అడగాలి. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పోయాను. పెద్దమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చొని మగ్గానికి కండెలు చుడుతోంది. నన్ను చూసి శక్కర్ తెచ్చాననుకుందేమో, నవ్వింది.

“నిన్నెవరు చెప్పమన్నరు పెద్దమ్మా? తెలిసీ తెలియక ఎందుకు మాట్లాడినవ్? వాడు సంబంధం మనిషి కాదు, బీమావాడు. నీ మాట పట్టుకొని నా వైద్యం ఆపిండ్రు.”

పక్కింటివాళ్ళు వచ్చి నిలబడ్డారు. నేను ఆగలేదు. నీకేం తెలుసని, నా నొప్పి నువ్వు చూసినవా అని అడిగాను. రాట్నం ఆగింది. ఆమె చేతిలో దారం అలాగే ఉండిపోయింది. వయసులో మా అమ్మంత మనిషిని, వచ్చే పోయే వాళ్ళ ముందు బెంచీ ఎక్కించినట్టు నిలబెట్టాను.

“చూసిన బిడ్డా” అంది. “నువ్వు చెప్పొద్దన్నట్టు ఉంటివి గద. అందుకని చెప్పలే.”

మేడారం జాతర నుంచి వచ్చినప్పుడు ఆమె అక్కడ బంగారం అని పిలిచే ప్రసాదం బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టి, “నమలకు, సప్పరించు, కరుగుతది” అనడం అప్పుడు గుర్తొచ్చింది. ముసలామె తన పళ్ళు లేని అలవాటు నాకు చెప్తోందనుకొని ఆ రోజు నవ్వుకున్నాను. కిరాణం ఆయన కొన్నాళ్ళుగా నేను అడక్కుండానే గట్టి బిస్కెట్ల బదులు పాలలో కరిగే రకం తీసి ఇవ్వడం గుర్తొచ్చింది. నేను స్కార్ఫు చాటున దాచుకున్నాననుకున్నది గల్లీ అంతా చూసింది. చూసి, చూడనట్టు ఉంది. ఇంక అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చేశాను. క్షమించమని కూడా అనలేదు.

డాక్టరు ఇంకో ఉత్తరం ఇచ్చాడు. మేము మళ్ళీ రాసుకున్నాం. మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. “అమ్మీ, నొప్పి లేచినప్పుడు వీడియో తీసి పంపుదాం.” నేను ఒప్పుకోలేదు. కన్న కూతురికి, కట్టుకున్నవాడికి చూపని ముఖాన్ని ఎవరో తెలియనివాళ్ళు కుర్చీల్లో కూర్చొని ఆపి ఆపి చూస్తారా అని అరిచాను. ఆమె ఫోను పక్కన పెట్టేసింది. చివరికి కంపెనీ మళ్ళీ మనిషిని పంపుతామంది. ఈసారి ఇంట్లోకే వస్తాడట.

ఆదివారం పొద్దున వచ్చాడు. అదే బ్యాగు, అదే ఇన్‌షర్టు. ముప్పై ఏళ్ళ లోపు మనిషి, చెప్పులు గేటు బయటే విప్పాడు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను గానీ నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకడిలా ఉన్నాడు. మేము పిలవకపోయినా పెద్దమ్మ వచ్చి గుమ్మం పక్కన కింద కూర్చుంది. ఆ రోజు తర్వాత ఆమె మా ఇంట్లోకి రావడం అదే మొదలు.

అతను ఆమెను గుర్తుపట్టాడు. “ఆ రోజు ఏ రోగం లేదని చెప్పారు కదమ్మా. ఈరోజు ఏం చెప్తారు?”

“ఆ రోజు చెప్పింది అబద్ధం సారూ” అంది పెద్దమ్మ. “పిల్ల సంబంధానికి వచ్చినవనుకున్న. ఇయ్యాల చెప్పేది నిజం. పొద్దుగాల నల్ల కాడ చేతుల నీళ్ళు వట్టుకొని ముఖం మీద పోసుకోలేక నిలవడ్తది. రొట్టె పాలల్ల నానవెట్టుకొని తింటది. నొప్పొస్తె గోడకు మొకం పెడ్తది, భుజాలు ఒణుకుతయి. మా వాకిట్లకెల్లి కనవడ్తది. ఆమెకు బాధైతదని మేము లోపలికి వోతం.”

నేను తలెత్తలేదు. మా ఆయన కూడా ఎత్తలేదు, తాను చూడనిది ఎదురింటామె చూసిందని.

అతను రాసుకున్నాడు గానీ తల ఊపాడు. “మీరు వీళ్ళకు కావలసినవారు. ఒకసారి అలా, ఒకసారి ఇలా చెప్తే పైన నమ్మరమ్మా.” తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు. “మేడం, ఇప్పుడు నొప్పి ఉందా?”

లేదు. ఆ పొద్దున విచిత్రంగా నా చెంప చల్లగా, బుద్ధిగా ఉంది. నెలలుగా అడుగడుగునా కొట్టిన నరం ఆ రోజు నిద్రపోతోంది. అప్పుడప్పుడు వస్తుందని చెప్పాను. అతను అవునా అన్నాడు. నేను అవసరానికి మించి మాట్లాడటం మొదలుపెట్టాను, మాటలకు లేస్తుందేమోనని. అతనితో పాటు బిస్కెట్టు తీసుకొని కావాలని కుడివైపు నమిలాను. ఏమీ కాలేదు. అతను గడియారం చూసుకున్నాడు. ఏ నొప్పి పోవాలని ఐదు పూటలా దువా చేశానో, ఆ నొప్పి రావాలని కుర్చీలో కూర్చొని మనసులో వేడుకున్నాను. అంత దిగజారిన క్షణం నా బతుకులో ఇంకోటి లేదు. నేను నొప్పి లేని మనిషిగా దొరికిపోతున్నాను.

అతను బ్యాగు జిప్పు వేయబోతుంటే నాకు దారి తోచింది. మా అమ్మాయి వంటింటి గుమ్మంలోనే ఉంది. ఆమెను అడిగితే తేదు, ఎందుకని అడుగుతుంది. నేనే లేచి పోయి తెచ్చుకుంటే నాటకంలా ఉంటుంది. అడిగితే కాదనలేని మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. తన మాట వల్లే ఇదంతా జరిగిందని కుమిలిపోతున్న మనిషి.

“పెద్దమ్మా” అన్నాను, “జర నీళ్ళు తేవా. ఫ్రిజ్‌ల సల్లటియి.”

ఆమె నా ముఖం చూసింది. “సల్లటియా బిడ్డా?”

“ఆ. సల్లటియే.”

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచింది. వంటింట్లో మా అమ్మాయి ఏదో అంటున్న చప్పుడు, పెద్దమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపిన గాజుల చప్పుడు వినిపించాయి. గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. గ్లాసు బయట చెమ్మ పట్టింది. నేను ఒక గుక్క తీసుకొని, మింగకుండా కుడి చెంప వైపు పట్టి ఉంచాను.

వచ్చింది. ఎన్నాళ్ళో ఆకలిగా ఉన్నట్టు వచ్చింది. గ్లాసు జారింది, నీళ్ళు నా ఒళ్ళో, అతని కాళ్ళ మీద పడ్డాయి. అలవాటుగా స్కార్ఫు ముఖం మీదికి లాక్కోబోయాను. “మేడం, కొంచెం అది పక్కకు” అన్నాడు అతను, ఫోను పైకెత్తి. నేనే నా చేత్తో పక్కకు తీశాను. గోడ వైపు తిరగలేదు. వంకర పోయిన మూతి, మూసుకున్న కన్ను, గడ్డం మీదికి కారుతున్న నీళ్ళు, అన్నీ ఆ ఫోనుకు చూపించాను. మా ఆయన చూశాడు. మా అమ్మాయి చూసింది. తెరిచి ఉన్న కన్నుతో నేనూ ఒకటి చూశాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, ముఖం గోడ వైపు తిప్పుకొని ఉంది. ఆ గదిలో నన్ను చూడనిది ఆమె ఒక్కతే.

“సారీ మేడం. చాలు” అన్నాడు అతను. ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి తెచ్చిన చాయ్ ముట్టుకోలేదు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ మా ఆయనతో, తన పని అలాంటిదని ఏదో చెప్పాడు. నాకు అతని మీద కోపం రాలేదు. అతను అడిగింది రుజువు. ఆ రుజువును నీళ్ళ రూపంలో ఎవరి చేత తెప్పించానన్నదే నన్ను తినేస్తోంది.

అనుమతి వచ్చింది. చికిత్స అయింది. కుడి చెంప ఇప్పుడు పళ్ళ డాక్టరు సూది వేసినట్టు మొద్దుగా ఉంటుంది. మిగతాది బాగుంది. నల్లా కింద దోసిలి పట్టి ముఖం మీద నీళ్ళు పోసుకుంటాను, మూడుసార్లూ. మొదటిరోజు అలా పోసుకొని నల్లా దగ్గరే ఏడ్చాను. ఎదురుగా రాట్నం చప్పుడు ఆగిపోయి, పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోవడం కనపడింది. ఇదివరకు ఎన్నిసార్లు అలా వెళ్ళిందో, దాన్ని పనిమీద వెళ్ళడం అనుకున్నాను.

మా అమ్మాయి సంబంధం ఇంకా తేలలేదు. ఎవరైనా ఆరా తీయడానికి వస్తే ఏం చెప్పాలని కిరాణం ఆయన మొన్న సరదాగా అడిగాడు. నిజమే చెప్పమన్నాను.

పెద్దమ్మను క్షమించమని అడగాలని చాలాసార్లు వాళ్ళింటికి పోయాను. ఎప్పుడు పోయినా ఆమె ముందు లేచి స్టవ్ వెలిగిస్తుంది. చిన్న గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా చేసి, వేలు ముంచి చూసి, గ్లాసులో పోసి తెస్తుంది. ఇది మే నెల. వరంగల్ ఎండకు నాలుక పిడచకట్టుకుపోతుంది, మూలన కుండలో చల్లటి నీళ్ళు నాకు కనపడుతూనే ఉంటాయి. నాకు ఇప్పుడు చల్లటియి పడతాయి పెద్దమ్మా అని చెప్పడానికి నోరు తెరుస్తాను. ఆ రోజు ఆమెను చల్లటియి అడిగిన నోరు ఇదే కదా అనిపిస్తుంది. ఆ వెచ్చటి నీళ్ళే తాగి గ్లాసు ఆమె చేతికి ఇస్తాను.